పెరటి చెట్టు లెక్కకు రాదా?

పంట పోయింది అనగానే మన కళ్ల ముందు మెదిలేవి వరి, పత్తి, మిరప, వేరుశనగ. నారు ఎండినా, కంకి తాలుపోయినా, కాయ మీద పురుగు పడినా అది వార్త అవుతుంది. తహసీల్దారు జీపు రాకపోయినా రైతు సంఘం వాళ్లయినా వచ్చి చూసి పోతారు. అర్జీలు, ధర్నాలు, అసెంబ్లీలో ప్రశ్నలు నడుస్తాయి. ఈ కాస్త దృష్టి కూడా ఊరికే వచ్చింది కాదు. రైతాంగం ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్నది.

కానీ ఊరి చివరి చింతలు, పెరటి జామ, గట్టు మీది రేగు, వాగు ఒడ్డు నేరేడు, గుట్ట మీది సీతాఫలం, అడవిలోని ఇప్ప, తునికి, మొర్రి ఒక ఏడు కాయకపోతే దాన్ని ఎవరూ కరువు అనరు. “ఈ ఏడు కాపు లేదమ్మా” అని సంతలో ఇద్దరు ఆడవాళ్లు అనుకుంటారు. అంతటితో సరి. ఏ రిజిస్టరులోనూ అది ఎక్కదు. ఏ అధికారీ దాని గురించి పైకి నివేదిక పంపడు.

చెట్టు కాయకపోవడం ప్రకృతి పని కావచ్చు. కాపు తప్పినందువల్ల ఎవరి పొయ్యి ఆరిపోతుందో లెక్క వేయకపోవడం మాత్రం ప్రకృతి పని కాదు. అది పాలనా విధానం. ఆ సంగతే ఇక్కడ పరిశీలించదలచాము.

ఎవరి పంట ఇది?

ముందుగా ఈ చెట్లు ఎప్పుడెప్పుడు కాస్తాయో వరసగా చూడండి. సంక్రాంతి నాటికి రేగుపండ్లు. చలికాలమంతా ఉసిరి. శివరాత్రి అటూ ఇటూగా చింతకాయ దులపడం, ఎండబెట్టడం, చింతపండు కొట్టడం. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఆ వెంటనే తునికిపండ్లు, మొర్రిపండ్లు, తాటిముంజలు, చింతచిగురు, నాటు మామిడి. తొలకరికి ఈతపండ్లు, నేరేడు. వినాయకచవితికి వెలగ. దసరా ముందూ వెనకా సీతాఫలం.

ఇప్పుడు వ్యవసాయ కూలికి పని దొరికే నెలలను దీని పక్కన పెట్టి చూడండి. నాట్లు, కలుపులు, కోతలు ముగిశాక, మళ్లీ దుక్కులు మొదలయ్యేదాకా ఊళ్లో పని ఉండదు. మెట్ట ప్రాంతాల్లోనైతే సంక్రాంతి దాటితే చాలు, చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే. సరిగ్గా ఆ నెలల్లోనే చింత, ఇప్ప, మొర్రి, తాటి, మామిడి చేతికొస్తాయి. అంటే ఈ చెట్లు పేదవాడికి ఎండాకాలపు కూలి. భూమి లేనివాడికి ఉన్న ఒక్క పంట. దీనికి పెట్టుబడి అక్కరలేదు, పట్టాదారు పాసుపుస్తకం అక్కరలేదు. బుట్ట, కర్ర, పొద్దున్నే లేచే ఓపిక ఉంటే చాలు.

ఈ ఆదాయం చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదుగా వస్తుంది. పాలమూరు గుట్టల్లో సీతాఫలం కోసి, గంపల్లో గడ్డి వేసి మగ్గబెట్టి, బస్టాండు దగ్గర కూర్చుని అమ్మేది ఆడవాళ్లే. బాలానగర్ సీతాఫలం అని తోటల శాస్త్రంలో ఒక రకానికే పేరు వచ్చింది. ఆ పేరు పాలమూరు జిల్లా ఊరి పేరే. ఆదిలాబాద్ అడవుల్లో గోండు, కొలాము స్త్రీలు ఇప్పపువ్వు ఏరుతారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఆ పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. నల్లమల చెంచులకు అడవి పండు, దుంప, తేనె కలిసే బతుకు. విశాఖ మన్యంలో చింతపండు కావడి ఎత్తుకుని మైళ్ల దూరం సంతకు నడిచే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఉప్పు, కిరాణా, బట్ట, పిల్లల పుస్తకం, అప్పు వాయిదా అన్నీ ఆ కావడి మీదే ఆధారపడి ఉంటాయి.

అమ్ముకునేది ఒక ఎత్తు, తినేది మరొక ఎత్తు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 100 గ్రాముల పండ్లు కావాలని చెబుతోంది. కూలి కుటుంబం ఆ 100 గ్రాములను ఆపిల్ కొట్లో కొనగలదా? బడి నుంచి వచ్చే పిల్లవాడు దారిలో రాయి విసిరి రాల్చుకునే జామకాయ, జేబు నిండా వేసుకునే రేగుపండ్లు, నాలుక నల్లబడేదాకా తినే నేరేడు - వాడికి దొరికే పండు అదే. కాపు తప్పిన ఏడు ఆ పిల్లవాడు పండు లేకుండానే గడుపుతాడు. వాడి ఒంట్లో తగ్గినది ఏ పంట నష్టం జాబితాలో కనిపిస్తుంది?

కాపు ఎందుకు తప్పుతుంది?

చెట్టుకు ఒక స్వభావం ఉంది. మామిడి, చింత వంటివి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు వెనక్కి తగ్గుతాయి. కొమ్మలో కూడబెట్టిన సత్తువ అంతా కాయకు పోతుంది. కొత్త చిగురు ముదిరి పూతకు సిద్ధం కావడానికి వ్యవధి చాలదు. తోట రైతు కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, అవసరమైతే పూత రప్పించే మందు పోసి దీన్ని కొంతవరకు సరిదిద్దుకుంటాడు. పెరటి చెట్టుకు, అడవి చెట్టుకు ఆ సేవ చేసేవారెవరు? దాని కాపు దాని ఇష్టం. ఇది మన పెద్దలకు తెలిసిందే. “ఏడు విడిచి ఏడు కాస్తుందిలే” అని సరిపెట్టుకున్నారు.

కానీ ఇప్పుడు వస్తున్న తేడా ఆ పాత లెక్కకు అందడం లేదు. మామిడి పూత రావాలంటే మార్గశిర పుష్య మాసాల్లో రాత్రులు చల్లగా ఉండాలి, గాలి పొడిగా ఉండాలి. చలి సరిగా పడకపోతే పూతకు బదులు ఆకు చిగురు వస్తుంది. పూత మీద వాన పడినా, మంచు ముసిరినా తేనెమంచు పురుగు, బూడిద తెగులు, పక్షికన్ను తెగులు పట్టుకుంటాయి. పిందె దశలో గాలిదుమారం వస్తే మిగిలింది రాలిపోతుంది. 2021 నవంబరులో రాయలసీమను ముంచెత్తిన వానలు అందరికీ గుర్తే. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ నెల 19వ తేదీనే. ఆ చలికాలం మామిడి పూత ఆలస్యమైంది, తామర పురుగు తగిలింది. 2022 వేసవిలో రెండు రాష్ట్రాల్లోనూ మామిడి దిగుబడి బాగా పడిపోయింది. తోటలకే అంత దెబ్బ తగిలితే, మందు కొట్టే దిక్కులేని పెరటి చెట్టు సంగతి చెప్పాలా?

మిగిలిన చెట్లకూ ఒక్కొక్కదానికి ఒక్కొక్క గండం ఉంది. ఇప్పపువ్వు రాలే వారాల్లో మబ్బు పట్టి వాన పడితే పువ్వు నల్లబడి బూజు పడుతుంది. చెట్టు పూసినా చేతికి రాదు. చింత పూతకు వచ్చేది ఎండాకాలం చివర, తొలకరి రోజుల్లో. వాన వెనకపడి వడగాడ్పులు సాగితే ఆ పూత నిలవదు. సీతాఫలం పువ్వుకు గాలిలో తేమ కావాలి. ఎండ మండితే పువ్వు లోపలి జిగురు ఎండిపోయి పిందె కట్టదు. దానికి పుప్పొడి మోసేవి చిన్న పెంకు పురుగులు. అవి లేకపోయినా పిందె కట్టదు. పిందె కట్టాక వర్షం ముఖం చాటేస్తే కాయ నల్లబడి రాయిలా ఎండిపోతుంది. 2023 ఆగస్టు మన దేశంలో 1901 నుంచి ఉన్న రికార్డుల్లోకెల్లా వాన తక్కువ పడిన ఆగస్టు. వరి నారుమళ్ల గురించి అప్పుడు ఆందోళన జరిగింది, జరగవలసిందే. గుట్ట మీద సీతాఫలం కాయ ఊరవలసిన నెల కూడా అదేనన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

వాతావరణం గతి తప్పుతున్నదనే మాట ఈనాడు చదువుకున్నవాళ్లు సభల్లో చెబుతున్నారు. చెట్టు కింద బుట్ట పట్టుకుని నిలబడే ఆదివాసీ స్త్రీకి అది ఉపన్యాసం కాదు, ఖాళీ బుట్ట.

తప్పంతా వానదేనా?

అయితే తప్పంతా మబ్బు మీదికి నెట్టేస్తే చెట్లను మాయం చేసినవాళ్లు తప్పించుకుంటారు. ఒక చెట్టు కాయకపోయినా పక్క చెట్టు ఆదుకునేది ఒకప్పుడు. చింత తప్పితే ఇప్ప ఉండేది, మామిడి తప్పితే ఈత, నేరేడు ఉండేవి. రకరకాల చెట్లు ఉండటమే పేదవాడికి బీమా. ఆ బీమాను చేజేతులా ఊడగొట్టారు.

ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా 1986లో ప్రచురించిన అధ్యయనాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో, 21 జిల్లాల్లోని 80 పైచిలుకు గ్రామాలను ఆయన పరిశీలించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. 1950ల మొదటి నుంచి 1980ల మొదటి దాకా, సుమారు 30 ఏళ్లలో, ఊరుమ్మడి భూములు 31 నుంచి 55 శాతం దాకా తరిగిపోయాయని ఆయన తేల్చారు. పేద కుటుంబాల ఆదాయంలో 14 నుంచి 23 శాతం ఆ ఉమ్మడి వనరుల నుంచే వస్తున్నదని కూడా చూపారు. 1998లో జాతీయ నమూనా సర్వే చేసిన లెక్కలోనూ గ్రామీణ కుటుంబాల్లో 48 శాతం ఏదో ఒకటి ఊరుమ్మడి నుంచి తెచ్చుకుంటున్నట్టు తేలింది. అంటే దాదాపు సగం ఊరు. ఇంతమంది తెచ్చుకునేదాన్ని “చిల్లర” అని కొట్టిపారేయడం ఎట్లా కుదురుతుంది?

ఆ తరువాత ఏం జరిగిందో మన ఊళ్లలో మనం చూస్తూనే ఉన్నాము. బంజరు, పోరంబోకు, మేతభూమి పేరుతో ఉన్నవి పలుకుబడి గలవాళ్ల ఆక్రమణలోకి పోయాయి, లేదా ఫ్యాక్టరీలకు, వెంచర్లకు పోయాయి. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని గట్టు మీది చెట్టు కొట్టారు. నీడకు పైరు రాదని ఇంకొకటి కొట్టారు. ఇటుక బట్టీలకు ఊరి చింతలు పోయాయి. రోడ్లు వెడల్పు చేసినప్పుడు తరాల నాటి చింతలు, మర్రులు వరసగా నేలకూలాయి. వాటికి బదులు నాటింది ఏమిటి? పిట్ట వాలని, పండు కాయని కోనోకార్పస్ వంటి అలంకారపు మొక్కలు. పచ్చదనం ఫోటోలో బాగానే ఉంటుంది. కొరికి తినడానికి మాత్రం పనికిరాదు.

పొలంలో ఉన్న చెట్టు కూడా దున్నేవాడిది కాదు. కౌలు రైతు చెట్టుకు నీళ్లు పోస్తాడు, కాయ యజమాని కోసుకుపోతాడు. యజమాని అమ్మితే వ్యాపారి కొట్టుకుపోతాడు. రేపు ఈ చెక్క తనది కాదని తెలిసినవాడు గట్టు మీద మామిడి టెంక ఎందుకు పాతుతాడు? కౌలు భద్రతకూ ఊళ్లో చెట్ల సంఖ్యకూ ఈ విధంగా సంబంధం ఉంది.

పత్తి, మిరప మీద కొట్టే మందు ఆ చేలోనే ఆగదు. గట్టు మీది పువ్వు మీద వాలే ఈగ, తేనెటీగ, పెంకు పురుగు కూడా చస్తాయి. మందు కొట్టించిన కంపెనీ లాభం రాసుకుంటుంది. పిందె కట్టని చెట్టు నష్టం ఎవరి పద్దులోనూ పడదు.

అడవిలో పరిస్థితి వేరే రకం. ముసలి ఇప్పచెట్లు ఉన్నాయి, వాటి కింద లేత మొక్కలు అరుదు. పువ్వు, గింజ రెండూ ఏరేస్తారు కాబట్టి మొక్క ఎట్లా మొలుస్తుందని అటవీ అధికారులు గిరిజనుల మీద నేరం మోపుతారు. పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టడం మొలకకు చెరుపే, కాదనము. కానీ తరతరాలుగా ఆ చెట్టును కొట్టకుండా కాపాడినవాళ్లు కూడా ఆ గిరిజనులే. పండకముందే మొర్రికాయ కోయడం, కొమ్మ విరవడం ఎందుకు జరుగుతోంది? తాను ఆగితే మరొకడు కోసుకుపోతాడనే భయం వల్ల. అడవి మీద హక్కు లేనివాడికి రేపటి మీద నమ్మకం ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు, సేకరించే హక్కు, అమ్ముకునే హక్కు ఇచ్చింది. 1996 నాటి పెసా చట్టం ఆ యాజమాన్యాన్ని గ్రామసభకు కట్టబెట్టింది. చట్టం పుస్తకంలో ఉన్న హక్కు చెట్టు దగ్గరకు ఎంతవరకు చేరిందో ఏ గూడేనికి వెళ్లి అడిగినా చెబుతారు.

ధర పెరిగింది, కానీ ఎవరికి?

కాపు తగ్గితే ధర పెరుగుతుంది కదా, సేకరించేవాడికి ఆ మేరకు సర్దుబాటు అవుతుంది కదా అని వాదించే పెద్దమనుషులు ఉన్నారు. పట్నంలో చింతపండు ధర పెరిగిన మాట నిజమే కావచ్చు. పదిబుట్టలు తెచ్చేచోట ఒక బుట్ట తెచ్చినవాడికి ఆ ధర ఏ మూలకు వస్తుంది? గిడ్డంగిలో నిరుటి సరుకు దాచుకున్నవాడికే అది పండుగ.

పైగా చాలాచోట్ల చెట్టు పూత మీద ఉండగానే చేతులు మారిపోతుంది. షావుకారు వచ్చి ముందుగా నాలుగు రూపాయలో, నాలుగు కుంచాల బియ్యమో ఇచ్చి కాయ తనదని మాట తీసుకుంటాడు. కాపు బాగుంటే లాభం అతనిది. కాపు తప్పితే నష్టం అతను భరిస్తాడా? భరించడు. ఇచ్చింది అప్పుగా మారుతుంది, వచ్చే ఏటి కాపు మీదికి ఎక్కుతుంది. ఆ విధంగా ఒక చెడ్డ ఏడు మూడేళ్ల చాకిరీని కట్టేస్తుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే.

దీన్ని అరికట్టడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. సంతలో తూనిక మోసం నుంచి, వడ్డీ వ్యాపారి నుంచి గిరిజనుణ్ణి కాపాడటం దాని ఆశయం. అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం 2013-14లో వచ్చింది. 2020 మే నెలలో కేంద్రం సవరించిన ధరల్లో గింజతో ఉన్న చింతపండుకు కిలో 36 రూపాయలు, ఎండు ఇప్పపువ్వుకు 30 రూపాయలు నిర్ణయించారు. ఇవి అవసరమైనవే. కానీ మద్దతు ధర అనేది సరుకు ఉన్నప్పుడు పనిచేసే సాధనం. సరుకే లేని ఏడు అది దేనికి మద్దతు? కిలో ధర ఎంతయితేనేం, తూచడానికి కిలో ఉండాలి కదా!

తోటల విషయంలో మార్కెట్ తీరు ఎట్లా ఉందో 2025లో చిత్తూరు తోతాపురి రైతులు చూశారు. కాపు విరగకాసింది, ధర కుప్పకూలింది. రైతులు రోడ్డెక్కాక ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు వచ్చేటట్టు చేస్తామంది. అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4. ఆ డబ్బు కోసం కూడా రైతు తిరగవలసి వచ్చింది. కాస్తే ధర లేదు, కాయకపోతే సరుకు లేదు. తోట రైతుకు కనీసం అడగడానికి ఒక పేరు, ఒక సర్వే నంబరు ఉన్నాయి. పెరటి చెట్టు వాళ్లకు, అడవి చెట్టు వాళ్లకు అవీ లేవు.

వేలానికి ఉన్న లెక్క నష్టానికి లేదు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్రకృతి వైపరీత్యాల సాయం ఎట్లా లెక్క వేస్తారో చూడండి. 2015లో కేంద్రం నిబంధన మార్చి 50 శాతం పంట నష్టానికి బదులు 33 శాతం నష్టం ఉన్నా సాయం ఇవ్వవచ్చునంది. మంచిదే. 2022లో సవరించిన రేట్ల ప్రకారం పండ్లతోటల వంటి బహువార్షిక పంటలకు హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకు. ప్రతి మాటలోనూ హెక్టారే కొలత.

2023 మార్చిలో తెలంగాణలో వడగండ్ల వాన పడింది. నష్టం 2,28,258 ఎకరాలని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. మొక్కజొన్న 1,29,446 ఎకరాలు, వరి 72,709, మామిడి 8,865, ఇతర పంటలు 17,238 ఎకరాలు. ఎకరాకు పదివేల రూపాయలు ఇస్తామన్నారు. ఆ వడగండ్లు తోటలోని మామిడి మీద పడి, పక్కనే గుడిసె ముందున్న మామిడిని వదిలిపెట్టాయా? ఇప్పపువ్వు రాలే రోజులు కూడా అవే. కానీ ఆ 8,865 ఎకరాల్లో పెరటి చెట్టు లేదు. ఉండదు కూడా. ఒంటరి చెట్టుకు ఎకరం ఎక్కడిది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. పెరటి చెట్టు లెక్కకే పనికిరాదని సర్కారువారి సామెత.

చెట్టును విడిగా లెక్కపెట్టడం కష్టమని అధికారులు అంటారు. సరే, ఈ ప్రభుత్వానికి చెట్టును లెక్కపెట్టడం నిజంగా చేతకాదా? పంచాయతీ చింతచెట్ల ఫలసాయం వేలం వేసేటప్పుడు ఏ చెట్టు ఎక్కడుందో, ఏది ఎంత కాస్తుందో తెలిసే వేస్తారు. బ్రిటిషు కాలంలో పోరంబోకు చెట్ల నుంచి రాబడి పిండుకోవడానికి గ్రామ లెక్కల్లో వాటికి చోటు ఇచ్చారు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అప్పుడు కూడా ఆ ఒక్క చెట్టే లెక్కలోకి వస్తుంది. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షను కింద భూమి తీసుకునేటప్పుడు చెట్టుకు విడిగా విలువ కట్టాలి, అందుకు అనుభవజ్ఞుల సాయం తీసుకోవచ్చు. అంటే వేలానికి లెక్క ఉంది, రాబడికి లెక్క ఉంది, అనుమతికి లెక్క ఉంది, భూమి లాక్కునేటప్పుడు కూడా లెక్క ఉంది. కాపు తప్పి పేదవాడు నష్టపోయినప్పుడే చెట్టు మాయమైపోతుంది!

లెక్కపెట్టేవాళ్లు లేరనడమూ కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ సచివాలయాలు ఉన్నాయి, వాటిలో ఉద్యాన సహాయకుల ఉద్యోగాలున్నాయి. తెలంగాణలో ఐదేసి వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి చొప్పున క్లస్టర్లు ఏర్పరిచారు. గిరిజన ప్రాంతాల్లో ఐటీడీఏలు, సహకార సంస్థ డిపోలు ఉన్నాయి. ప్రతి సంతలో ఎంత చింతపండు, ఎంత ఇప్పపువ్వు వచ్చిందో డిపో పుస్తకంలో రాస్తారు. నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె పెట్టి చూడటానికి ఎంత చదువు కావాలి?

ఏం చేయాలి?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జామచెట్టుకు ఇంత, రేగుచెట్టుకు ఇంత అని డబ్బు పంచమని మేము అడగడం లేదు. అట్లా పంచితే చెట్టు లేనివాళ్లకు ఏమీ రాదు, పెద్ద పెరడు ఉన్నవాడికే ఎక్కువ ముడుతుంది. అడవి చెట్టుకు పట్టాదారే లేడు. కాబట్టి లెక్క చెట్టు పేరున కాదు, ఊరి పేరున ఉండాలి. సాయం యజమానికి కాదు, ఆ కాపు మీద బతికేవాళ్లకు చేరాలి.

మొదటిది, ప్రతి గ్రామంలో, ప్రతి గూడెంలో ముఖ్యమైన చెట్ల కాపును ఏటా గ్రామసభ ముందు నమోదు చేయాలి. ఊరికి చింతలు పది, మామిళ్లు పది, ఆ ప్రాంతానికి తగినట్టు ఇప్ప, సీతాఫలం వంటివి పదేసి గుర్తుపెట్టుకుంటే చాలు. కాపు బాగుందా, సగమా, అసలు లేదా అన్నది ఏరేవాళ్లే చెబుతారు. వాళ్లను మించిన నిపుణులు లేరు.

రెండవది, కాపు మూడోవంతు కంటే ఎక్కువ తప్పినట్టు తేలిన గ్రామాల్లో ఆ ఎండాకాలమే అదనపు ఉపాధి పనిదినాలు, రేషనులో అదనపు బియ్యం, పప్పు, నూనె ఇవ్వాలి. పంట నష్టానికి ఉన్న 33 శాతం కొలత దీనికి ఎందుకు పనికిరాదు? అంగన్‌వాడీల్లో, బడి భోజనంలో ఆ నెలల్లో పండు పెట్టాలి. తోతాపురి ధర పడిపోయినప్పుడు రోడ్డు మీద పారబోసే కాయను బడికి చేర్చే ఏర్పాటు చేయడం అసాధ్యం కాదు.

మూడవది, కాపు తప్పిన ఏడు షావుకారి అడ్వాన్సు వచ్చే ఏటికి ఎక్కకుండా గిరిజన సహకార సంస్థ ద్వారా వడ్డీ లేని చేబదులు ఇప్పించాలి. సరుకు వచ్చిన ఏడు మద్దతు ధరకు సకాలంలో, సంతలోనే, నగదు ఇచ్చి కొనాలి. డబ్బు కోసం నెల తిప్పితే గిరిజనుడు షావుకారి దగ్గరికే పోతాడు, అది అతని తప్పు కాదు.

నాలుగవది, రోడ్ల పక్క, చెరువు కట్టల మీద, బంజర్లలో ప్రభుత్వ ఖర్చుతో నాటే మొక్కల్లో అధిక భాగం తినే పండు కాసే నాటు రకాలు ఉండాలి. చింత, నేరేడు, ఉసిరి, వెలగ, రేగు, ఇప్ప. వాటి ఫలసాయం వేలం వేసి గుత్తదారుకు అప్పగించరాదు. ఊరి భూమిలేని కుటుంబాలకు, ముఖ్యంగా స్త్రీలకు, చెట్టు హక్కు పత్రం రాసివ్వాలి. హక్కు ఉంటే కాపలా కాసేవాళ్లు వాళ్లే అవుతారు. కౌలు రైతు నాటిన చెట్టు మీద అతనికి వాటా ఉండాలి. అడవిలో 2006 చట్టం కింద సామూహిక హక్కు పత్రాలను గ్రామసభలకు పూర్తిగా ఇచ్చివేయాలి.

ఇవి పెద్ద ఖర్చుతో కూడిన కోరికలు కావు. కొత్త చట్టం కూడా అక్కరలేదు, ఉన్న సిబ్బంది, ఉన్న చట్టాలు చాలు. లేనిదల్లా ఆ చెట్టు కింద నిలబడే మనిషిని ఉత్పత్తిదారుగా గుర్తించే దృష్టి. వరి పండించేవాడు రైతు, ఇప్పపువ్వు ఏరేది మాత్రం అడవి మీద పడి తినేది అనే చిన్నచూపు పాలకుల్లోనే కాదు, ఒక్కోసారి మన సంఘాల్లోనూ కనిపిస్తుంది. రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం, గిరిజన సంఘం కరువు అర్జీ రాసేటప్పుడు పంటల పట్టిక కింద ఇకమీదట ఇంకొక వరస చేర్చాలి: ఊరి చెట్లు, అడవి చెట్లు, ఈ ఏటి కాపు.

ఆ వరస ముందు మన కాగితం మీద పడాలి. మనం రాయనిది మండల కార్యాలయం తనంతట తాను ఎన్నడూ రాయదు. వచ్చే శివరాత్రికి చింత దులిపే వేళ ఏ ఊరికి ఆ ఊరు కూర్చుని ఎంత రాలిందో, ఎంత రాలలేదో రాసి పెట్టుకుంటే, అడగడానికి మన చేతిలో ఒక అంకె ఉంటుంది.